సీఓపీడీతో పాటు స్లీప్ ఆప్నియా: రాత్రి ఆక్సిజన్ ఒక్కటే చాలుతుందా?

ప్రశ్న: సీఓపీడీ (ఊపిరితిత్తుల్లో గాలి దారులు ఇరుకయ్యే దీర్ఘకాలిక జబ్బు) ఉన్న మా నాన్నగారికి నిద్ర పరీక్షలో స్లీప్ ఆప్నియా (నిద్రలో ఊపిరి ఆగి ఆగి వచ్చే సమస్య) కూడా బయటపడిందండి. గురక మధ్యలో ఊపిరి ఆగి, ఆక్సీమీటరులో అంకె 78కి పడిపోతుంటే నాకు కంటిమీద కునుకు ఉండటం లేదు. ఇంట్లోని ఆక్సిజన్ యంత్రాన్ని రాత్రంతా పెట్టవచ్చా?

జవాబు: వైద్యులను అడగకుండా పెట్టకండి. ఆక్సిజన్ అంకె పెరిగినా నిద్రలో మూసుకుపోయే గొంతు తెరుచుకోదు. పైగా ఇటువంటివారి రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పేరుకుపోయే ప్రమాదం ఉంది. పొద్దున్నే తలనొప్పి, మగత ఉంటున్నాయా?

మరో జవాబు: ఈ జంట స్థితికి ఫ్లెన్లీ అనే వైద్యుడు 1985లో ఓవర్‌ల్యాప్ సిండ్రోమ్ అని పేరు పెట్టారు. మా అమ్మగారికి సీప్యాప్ (గాలిని ఒత్తిడితో పంపి గొంతు మూసుకుపోకుండా ఉంచే యంత్రం) మాస్కు ముక్కు మీద ఒరుసుకుని ఎర్రగా కమిలింది. సైజు మార్పించాకే అలవాటుపడ్డారు. కార్బన్ డయాక్సైడ్ ఎక్కువైతే బైప్యాప్ (పీల్చేటప్పుడు ఎక్కువ, వదిలేటప్పుడు తక్కువ ఒత్తిడితో గాలినిచ్చే యంత్రం) ఇస్తారు.

అడిగినవారు: అవునండీ, లేవగానే తల పట్టుకుని కూర్చుంటున్నారు. రేపే ఊపిరితిత్తుల వైద్యునికి చూపించి, ఏబీజీ (రక్తంలో ఆక్సిజన్, కార్బన్ డయాక్సైడ్ కొలిచే) పరీక్ష గురించి అడుగుతాను.