తెలుగులో మాటల వరుస ఎలా మార్చినా అర్థం చెడదు కదా, మరి ‘కర్త-కర్మ-క్రియ భాష’ అని ఎందుకంటారు?

నాగావళి (ప్రశ్న):
వాక్య నిర్మాణం గురించి కొత్తగా చదువుతున్నాను. తెలుగులో వరుస ‘కర్త-కర్మ-క్రియ’ అని చదివాను. పదక్రమంలో స్వేచ్ఛ ఎక్కువ అని కూడా చదివాను. ఈ రెండూ ఎలా పొసుగుతాయి? ‘అప్పన్న కొత్త సైకిలు విజయనగరంలో కొన్నాడు’ అనేదాన్ని ‘విజయనగరంలో కొన్నాడు అప్పన్న కొత్త సైకిలు’ అన్నా అర్థమవుతుంది. ఇంకోటి: మెళియాపుట్టి వైపు సవర మాట్లాడేవాళ్ళ దగ్గర కొన్ని వాక్యాలు రాసుకుని తెలుగుతో, ఒడియాతో పోల్చాలని ఉంది. ఎక్కడ మొదలుపెట్టాలి?

కోటబొమ్మాళి పాఠకుడు:
మీ వాక్యంతోనే చూద్దామండి. అందులో ఐదు మాటలున్నాయి, ఐదింటినీ 120 రకాలుగా పేర్చవచ్చు. కాగితం మీద ఓ పది పేర్చి చూడండి, ఎక్కడ బెడిసికొడుతుందో వెంటనే తెలిసిపోతుంది. ‘కొత్త అప్పన్న సైకిలు విజయనగరంలో కొన్నాడు’ అంటే అప్పన్నే కొత్తవాడైపోయాడు. ‘అప్పన్న సైకిలు కొత్త విజయనగరంలో కొన్నాడు’ అంటే ఊరు కొత్తదైంది. ‘కొత్త’ ఎప్పుడూ ‘సైకిలు’ని ఆనుకుని ముందే ఉండాలి. ఆ రెంటినీ ఒక ముక్కగా కట్టేస్తే మిగిలేవి నాలుగు ముక్కలు, 24 వరుసలు. తక్కిన 96 మీ వాక్యం కావు. స్వేచ్ఛ ఉన్నది పదబంధాలకి. బంధం లోపల వరుస బిగుసుకునే ఉంటుంది. కలిసి కదిలేవన్నీ ఒక బంధం. మొదలుపెట్టేవాళ్ళకి ఇంతకంటే తేలికైన పరీక్ష లేదు.

ఆ 24లో క్రియతో ముగిసేవి 6. ముందూ వెనకా ఏమీ తెలియని మనిషి ‘ఏటైంది?’ అని అడిగితే మన జవాబు ఆ ఆరింట్లోంచే వస్తుంది. ‘కొత్త సైకిలు విజయనగరంలో అప్పన్న కొన్నాడు’ అన్నది ‘ఎవరు కొన్నారు?’కి సరిపోయే జవాబు. నొక్కి చెప్పదలచుకున్న ముక్క క్రియకి ఆనుకుని ముందు నిలబడుతుంది. క్రియ దాటి వెనక్కి వెళ్ళింది సాధారణంగా విన్నవాడికి తెలిసిన సంగతే అయి ఉంటుంది.

గట్టి సాక్ష్యం మాత్రం ఉపవాక్యంలో ఉంది. ‘అప్పన్న సైకిలు కొన్న దుకాణం’ తీసుకుని అందులో ‘కొన్న’ని ముందుకి జరపండి: ‘కొన్న అప్పన్న సైకిలు దుకాణం’. కూలిపోయింది. పెద్ద వాక్యంలో క్రియ తరవాత మాటలు తగిలించవచ్చు, ఉపవాక్యంలో అది సాగదు. ఏ భాషకైనా అసలు వరుస తేల్చేటప్పుడు ఈ రెండు చోట్లా చూడాలి: నొక్కు లేని జవాబు, ఉపవాక్యం. కథల్లోంచి, పాటల్లోంచి ఏరిన వాక్యాలతో మొదలుపెడితే దారి తప్పుతారు.

చీపురుపల్లి_88:
పోలిక గురించి. 1963లో జోసెఫ్ గ్రీన్‌బర్గ్ 30 భాషల్ని పక్కపక్కన పెట్టి 45 సామాన్య సూత్రాలు రాశాడు. అందులో మనకి పనికొచ్చేది: కర్మ తరవాత క్రియ వచ్చే భాషల్లో విభక్తులు కూడా దాదాపు ఎప్పుడూ నామం తరవాతే వస్తాయి (‘సంతలో’, ‘చెట్టు మీద’). ప్రపంచ భాషా నిర్మాణాల పటం 2013 ఆన్‌లైన్ కూర్పులో మాథ్యూ డ్రయర్ లెక్క చూడండి: 1377 భాషల్లో కర్త-కర్మ-క్రియ 565, కర్త-క్రియ-కర్మ 488, క్రియ ముందు వచ్చి తరవాత కర్త, కర్మ వచ్చేవి 95. ప్రధాన వరుస తేలనివి 189 ఉన్నాయి. కాబట్టి మీ నోట్సులో ‘తేలలేదు’ అని రాయాల్సివస్తే సంకోచించకండి.

విశేషణం దగ్గర చాలామంది పొరబడతారు. క్రియ చివర ఉంటే విశేషణం నామానికి ముందు ఉంటుందని నియమమేమీ లేదు. టిబెటన్‌లో, బాస్క్‌లో క్రియ చివరే, విశేషణం మాత్రం నామం తరవాత.

మీరు ఎంచుకున్న మూడు భాషలూ మూడు కుటుంబాలవి: తెలుగు ద్రావిడం, ఒడియా ఇండో-ఆర్యన్, సవర ఆస్ట్రోఏషియాటిక్‌లో ముండా శాఖ. మూడింట్లోనూ క్రియ చివరే. దీన్ని చూసి చుట్టరికం కట్టేయకూడదు. సవరకి దూరపు చుట్టాలైన ఖాసీ, ఖ్మేర్, వియత్నామీస్‌లలో క్రియ కర్మకి ముందు వస్తుంది. పక్కపక్కన బతికిన భాషలు ఒకదాని పోలిక ఒకటి తెచ్చుకుంటాయి. 1956లో భాషాశాస్త్రవేత్త ఎమెనో భారతదేశం ఒక భాషామండలం (వేరు కుటుంబాల భాషలు పక్కపక్కన బతికి ఒకదాని పోలిక ఒకటి తెచ్చుకున్న ప్రాంతం) అని వాదించింది ఇలాంటి లక్షణాలతోనే.

మహేంద్రతనయ:
సవర వాక్యాలు రాసుకునే పని గురించి చెబుతాను. తెలుగు వాక్యం చెప్పి ‘దీన్ని సవరలో ఏమంటారు?’ అని అడగవద్దు. అవతలివాళ్ళకి తెలుగు బాగా వచ్చు, మర్యాద కొద్దీ మీ వరుసలోనే మాట మాటకీ సవర పెట్టి ఇస్తారు. మీరు తెలుగునే మళ్ళీ రాసుకుని వస్తారు. బొమ్మ చూపించి ఏం జరుగుతోందో చెప్పమనండి. తరవాత ఒకసారికి ఒక్కటే మార్చండి: ముందు కర్త, తరవాత కాలం, తరవాత ఒకటి-పలు. ఒక్కో మార్పుకీ మూడు వరుసలు రాయాలి: విన్నది, ముక్కల అర్థం, పూర్తి అర్థం.

ఈ ఒక్క మాట చూడండి:
ఞమ్‌-కిద్‌-త్‌-అమ్
పట్టు-పులి-జరగబోయే కాలం-నిన్ను
‘నిన్ను పులి పట్టుకుంటుంది’

పులికి విడిమాట ‘కినా’. క్రియ లోపలికి వెళ్ళేటప్పుడు ‘కిద్’ అనే పొట్టి రూపం వాడతారు. నామాన్ని క్రియలో ఇముడ్చుకునే భాషలు వేరే కూడా ఉన్నాయి, కానీ మామూలుగా లోపలికి వెళ్ళేది కర్మ. ఇక్కడ పట్టేది పులి, కర్తే క్రియలో కూర్చుంది. ఎంత అరుదైన సంగతో! ‘కర్త ముందా, కర్మ ముందా’ అనే పట్టికలో ఇలాంటి మాటకి గడే ఉండదు. దీనికి వేరే పేజీ పెట్టండి. 1931లో అచ్చయిన గిడుగు రామమూర్తి గారి సవర వ్యాకరణం దగ్గర పెట్టుకుని మీరు విన్నదానితో సరిచూసుకోండి. గొంతు దగ్గర ఆగే ధ్వనికి తెలుగు లిపిలో అక్షరం లేదు కనక దానికో గుర్తు ముందే అనుకోండి, వదిలేస్తే రెండు వేరు మాటలు ఒకటైపోతాయి.

నాగావళి:
మూడు వరుసల పద్ధతి ముందు తెలుగులో సాధన చేస్తున్నాను. ‘నేను టీచర్ని’ దగ్గర ఆగిపోయాను. ఆ ‘ని’ కింద ద్వితీయా విభక్తి అని రాయాలా?

కోటబొమ్మాళి పాఠకుడు:
వద్దండి. కర్త మార్చి చూడండి: ‘నువ్వు టీచర్‌వి’, ‘మేము టీచర్లం’, ‘ఆమె టీచర్’. కర్తతో పాటు చివర మారిపోతోంది, అంటే అది ‘వచ్చాను, వచ్చావు, వచ్చాం’లో క్రియకి తగిలే పురుష ప్రత్యయం లాంటిదే, ఇక్కడ నామానికి తగిలింది. విభక్తి అయితే కర్త ఎవరైనా మారదు: ‘నేను టీచర్ని పిలిచాను’, ‘మేము టీచర్ని పిలిచాం’. మొదటిదాని కింద ‘ఉత్తమ పురుష, ఏకవచనం’ అనీ, రెండోదాని కింద ‘ద్వితీయ’ అనీ రాయండి. అచ్చులో ఒకేలా ఉన్నాయని రెంటికీ ఒకే పేరు పెడితే, రేపు ఒడియాతో పోల్చేటప్పుడు లేని విభక్తిని వెతుక్కుంటారు.