డార్ట్‌మండ్‌లో మొదటి వేసవి: సాయంత్రాలు గడవడం లేదు

హనుమకొండ విద్యార్థిని, డార్ట్‌మండ్:

అక్కయ్యలకు, అన్నయ్యలకు, పెద్దలందరికీ నమస్కారం.

మాది హనుమకొండ. ఇంజనీరింగ్ మూడవ సంవత్సరం పూర్తిచేసి, డాడ్ (DAAD) అనే జర్మనీ విద్యా మార్పిడి సంస్థ ఇచ్చే వైజ్ ఉపకారవేతనంతో మే నెల మధ్యలో జర్మనీకి వచ్చాను. 12 వారాలు ఇక్కడి ప్రయోగశాలలో పనిచేసి ఆగస్టులో తిరిగి వెళ్లాలి. పని బాగానే సాగుతోంది, ప్రొఫెసర్ గారూ తోటి పరిశోధకులూ మర్యాదగా చూస్తున్నారు. నా ఇబ్బంది పనితో కాదు. బుద్ధెరిగిన నాటి నుండి నేను ఇల్లు విడిచి వారం రోజులు కూడా ఉన్నదాన్ని కాదు. కాలేజీకి సైతం ఇంటి నుండే సిటీ బస్సులో వెళ్లి వచ్చేదాన్ని.

ఇక్కడ సాయంత్రం 5:30కు అందరూ వెళ్లిపోతారు. నేను గదికి చేరేసరికి 6 అవుతుంది. అక్కడి నుండి రాత్రి 10 దాకా వెలుతురు ఉంటుంది, కానీ పలకరించే మనిషి ఉండరు. అమ్మకు వీడియో కాల్ చేస్తే నిద్ర ఆపుకుంటూ మాట్లాడుతుంది. ఫోన్ పెట్టేసిన తరువాత ఏడుపు ఆగదు. మృగశిర కార్తె నాడు ఇంట్లో చేపల పులుసు వండారనీ, ఆ సాయంత్రమే వాన పడిందనీ చెల్లెలు చెప్పిన తరువాత రెండు రోజులు నాకు అన్నం సహించలేదు. అయినా అమ్మతో బాగున్నాననే చెబుతున్నాను. ఉపకారవేతనం వచ్చిందని తెలిసినప్పుడు మా వాడకట్టంతా సంతోషపడింది. ఇప్పుడు రంది పడుతున్నానని ఏ నోటితో చెప్పను? గడువుకు ముందే తిరిగి వెళ్లిపోవాలన్న ఆలోచన కూడా వస్తోంది. ఇటువంటి రోజులు గడిపినవారు దయచేసి దారి చెప్పగలరు.

పరకాల అక్క, బోఖుమ్:

చెల్లీ, నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. నేను ఈ దేశం వచ్చి 14 ఏళ్లయింది, అయినా నువ్వు రాసిన ఆ సాయంత్రపు వెలుతురు నాకు నిన్నటి సంగతిలాగే గుర్తుంది. అందుకే ముందుగా దాని గురించే చెబుతాను, ఎందుకంటే నీ బాధలో సగం నీ మనసులో కాక గడియారంలో ఉందని నా నమ్మకం.

వేసవిలో ఇక్కడికీ మన ఊరికీ మూడున్నర గంటల తేడా. నువ్వు గది తలుపు తీసే 6 గంటలకు హనుమకొండలో రాత్రి 9:30. నువ్వు వండుకుని తిని, ఇక ఏం చేయాలో తోచక కూర్చునే 8 గంటలకు అక్కడ 11:30. జూన్ నెలాఖరులో డార్ట్‌మండ్‌లో పొద్దుగూకేది రాత్రి 9:50 ప్రాంతంలో. అంటే నీకు ఇంకా రెండు గంటల పగలు మిగిలి ఉండగానే మీ ఇంట్లో దీపాలు ఆర్పి అందరూ పడుకుంటారు. మన దగ్గర ఏడింటికి చీకటి పడుతుంది, ఆకలవుతుంది, తిని పడుకునే పని దానంతట అది జరిగిపోతుంది. ఇక్కడ చీకటి పడదు కాబట్టి రోజు ముగిసిందని ఎవరూ చెప్పరు. నీకు ఎవరో ఒకరు అత్యంత అవసరమైన వేళ, నీవాళ్లు మేలుకుని ఉండలేని వేళ, రెండూ ఒక్కటే కావడం వల్ల ఆ నాలుగు గంటలు అంత బరువుగా ఉంటున్నాయి.

కాబట్టి మొదటి పనిగా ఇంటికి మాట్లాడే వేళ మార్చు. మధ్యాహ్నం 12:30కు నువ్వు భోజనానికి లేచే సమయానికి అక్కడ సాయంత్రం 4 గంటలు, మీ అమ్మ చాయ్ పెట్టుకునే వేళ. పదిహేను నిమిషాలు మాట్లాడితే చాలు. అమ్మ గొంతులో నిద్ర ఉండదు, నీకూ మాట్లాడిన తరువాత ఒంటరి గది ఎదురుకాదు, చేయవలసిన పని ఎదురవుతుంది. సాయంత్రం ఫోన్‌ను బల్ల మీద వదిలి బయటికి నడువు. నేను మొదటి వేసవిలో దీనికి సరిగ్గా విరుద్ధంగా చేశాను. తొక్కు సీసాకు ఫోన్ ఆనించి, ఇంట్లో ఒకరి తరువాత ఒకరు నిద్రపోయేదాకా వాళ్లను చూస్తూ కూర్చునేదాన్ని. అందరూ పడుకున్నాక ఖాళీ అయిన తెరను చూసి, బయట ఎండ చూసి, ఎక్కడ ఉన్నానో తెలియనంత దిగులు కలిగేది.

రెండవ విషయం, అమ్మకు అబద్ధం చెప్పకు. నేను నాలుగు నెలలు బాగున్నానని చెప్పాను. నేను ఆ మాట అన్న ప్రతి రాత్రీ తనకు నిద్ర పట్టలేదని అమ్మ ఆ తరువాత ఎప్పుడో చెప్పింది. తల్లికి గొంతు చాలు, మాటలు అక్కర లేదు. ఏడుస్తూ ఫోన్ చేయమని నేను అనడం లేదు. మనసు కుదుటపడి ఉన్న ఒక మధ్యాహ్నం, సాయంత్రాలు కష్టంగా ఉన్నాయనీ, పని మాత్రం నచ్చిందనీ, రెండూ కలిపి చెప్పు. ఆమె భయపడుతుందని అనుకుంటున్నావు కానీ, తెలియని దానికి పడే భయం కన్నా తెలిసిన దానికి పడే భయం చిన్నది.

నీకు వచ్చినదానికి ఇక్కడి భాషలో హైమ్‌వే అని పేరు. హైమ్ అంటే ఇల్లు, వే అంటే నొప్పి. ఇంటి నొప్పి అన్నమాట. 1688లో స్విట్జర్లాండ్‌లోని బాసెల్‌లో యోహానెస్ హోఫర్ అనే 19 ఏళ్ల వైద్య విద్యార్థి దీనినే తన సిద్ధాంత గ్రంథానికి విషయంగా తీసుకుని, నోస్టాల్జియా అనే మాటను గ్రీకు పదాలతో కూర్చాడు. నీకన్నా చిన్నవాడు. సొంత ఊరికి దూరమై చిక్కిపోతున్న మనుషులను చూసి, అది వైద్యుడు పట్టించుకోవలసిన జబ్బని రాశాడు. ఈ సంగతి నీ ప్రయోగశాలలో ఎవరితోనైనా ప్రస్తావించి చూడు. హైమ్‌వే అన్న మాట వినగానే ఎంతమంది తమ కథ చెప్పడం మొదలుపెడతారో నీకే తెలుస్తుంది.

ఇక్కడివాళ్ల గురించి ఒక మాట చెప్పాలి. నిన్ను భోజనానికి రమ్మని ఎవరూ పిలవకపోతే, నువ్వు అక్కర లేదని అర్థం చేసుకోకు. పిలిస్తే నీ ఏకాంతానికి భంగం కలుగుతుందేమోనని వారు ఆగుతారు, పిలవకుండా వెళితే బాగుండదని నువ్వు ఆగుతావు. మన ఊళ్లో మూడుసార్లు బతిమాలించుకుని నాలుగోసారి పళ్లెం ముందు కూర్చుంటాం, ఇక్కడ ఒక్కసారే అడుగుతారు. కాబట్టి నువ్వే ముందుగా, మీతో మెన్సాకు (విశ్వవిద్యాలయ భోజనశాలకు) రావచ్చా అని అడుగు. వాళ్లు 12 గంటలకు వెళ్లేవాళ్లైతే ఇంటికి ఫోన్ భోజనం తరువాత చేసుకో. 1 గంటకు అక్కడ 4:30 అవుతుంది, చాయ్ వేళ దాటదు.

శనివారాలకు, సెలవులకు ముందే ఏర్పాటు చేసుకో. వారాంతంలో ఇక్కడి విద్యార్థులు చాలామంది తమ ఊళ్లకు వెళ్లిపోతారు. ఆదివారం దుకాణాలు చట్టం ప్రకారం మూసి ఉంటాయి. మే, జూన్ నెలల్లో ఈ రాష్ట్రంలో గురువారం పడే పండుగలు ఉంటాయి, శుక్రవారం కూడా సెలవు పెట్టుకుని నాలుగు రోజులు వెళ్లేవారు ఎక్కువ. ఆ నాలుగు రోజులు హాస్టల్ వరండాలో నీ అడుగుల చప్పుడు తప్ప మరొకటి వినిపించదు. ఆ రోజుల్లో నువ్వు ఒంటరిగా ఉండవద్దు, మా ఇంటికి రా. రైలులో పావుగంట కూడా పట్టదు. ఇది మర్యాదకు అంటున్న మాట కాదు.

జగిత్యాల అన్న, డార్ట్‌మండ్:

చెల్లెమ్మా, అక్క చెప్పవలసినవి చెప్పారు, నేను తిండి గురించీ తిరుగుడు గురించీ రాస్తాను. అన్నం సహించని మనిషికి ధైర్యం చెప్పి లాభం లేదు, ముందు తినగలిగేది వండుకోవాలి.

పెద్ద స్టేషన్‌కు ఉత్తరం వైపు తుర్కీ వారి దుకాణాల్లో కొత్తిమీర, పుదీన, బెండకాయ, పచ్చిమిరప దొరుకుతాయి. ఆసియా దుకాణాల్లో బియ్యప్పిండి, నువ్వులు, శనగపప్పు ఉంటాయి. ఇవి ఉంటే సర్వపిండి చేసుకోవచ్చు. మా జగిత్యాల వైపు సర్వప్ప అంటాం, మీ వరంగల్ వైపు గిన్నెపిండి అంటారు, పేరు ఏదైనా నూనె పోసే చిల్లులు మాత్రం ఒక్కటే. నానబెట్టిన శనగపప్పు, పల్లీలు, నువ్వులు, ఉల్లి ఆకు వేసి, మందపాటి గిన్నెలో పలుచగా ఒత్తి, చిన్న మంట మీద వదిలేయాలి. అరగంట వంటగదిలో నిలబడవలసి వస్తుంది, ఆ అరగంటలో ఎవరో ఒకరు వచ్చి ఏమిటని అడుగుతారు. నాకు ఇక్కడ మొదటి స్నేహితుడు అలాగే దొరికాడు. ఒక ముక్క విరిచి ఇచ్చాను, మరునాడు అతను తన తల్లి చేసి పంపిన చెర్రీపండ్ల కేకు తెచ్చి నా తలుపు తట్టాడు.

మీ అమ్మగారు నెయ్యి, పాలకోవా పంపుతానంటే వద్దని చెప్పు. పాలతో, మాంసంతో చేసిన పదార్థాలను భారతదేశం నుండి ఐరోపా సమాఖ్య దేశాలకు వెంట తేవడానికీ, పార్సిల్‌లో పంపడానికీ అనుమతి లేదు. పట్టుబడితే పారవేస్తారు, ఆమె శ్రమ వృథా అవుతుంది. కారప్పొడి, నువ్వుల పొడి పంపవచ్చు. విలువ 45 యూరోల లోపు ఉండి, ఇంటివారు కానుకగా పంపినదైతే సుంకం పడదు.

డాయిచ్‌లాండ్ టికెట్ లేకపోతే తీసుకో. 2023 మే నెలలో 49 యూరోలతో మొదలైంది, ఆ తరువాత ధర పెరిగింది. అయినా నెలంతా దేశంలోని ఏ ఊరి బస్సైనా, ప్రాంతీయ రైలైనా ఎక్కవచ్చు, పెద్ద వేగపు రైళ్లు మాత్రం ఎక్కకూడదు. ఆగస్టులో వెళ్లిపోతావు కాబట్టి ఒక సంగతి గుర్తుంచుకో: చివరి నెల 10వ తేదీలోపు రద్దు చేయకపోతే మరుసటి నెల డబ్బు కూడా పోతుంది.

ఆ టికెట్‌తో మొదట హామ్ అనే ఊరికి వెళ్లు. ఊరి చివర ఉయెంట్రోప్ అనే చోట, కర్మాగారాల నడుమ, కామాక్షి అమ్మవారి గుడి ఉంది. యుద్ధం వల్ల శ్రీలంక విడిచి వచ్చిన తమిళులు కట్టుకున్నది, 2002లో ప్రతిష్ఠ జరిగింది. ఏటా వేసవి మొదట్లో రథోత్సవం జరుగుతుంది, వేలాదిమంది వస్తారు. ఆషాఢం వస్తే నీకు భద్రకాళి గుడిలో శాకంబరి ఉత్సవాలు యాదికి వస్తాయి, అమ్మవారిని కూరగాయలతో అలంకరించిన ఫొటోలు ఇంటి నుండి వస్తాయి, అవి చూస్తూ గదిలో కూర్చోవద్దు. నేను వచ్చిన ఏడాది ఆషాఢంలో ఒక్కడినే హామ్ వెళ్లాను. అక్కడ ఒక తమిళ పెద్దమ్మ నా ముఖం చూసి, ఏమీ అడగకుండా, నా పళ్లెంలో రెండోసారి అన్నం పెట్టింది. ఆమె భాష నాకు రాదు, నా భాష ఆమెకు రాదు. ఆ పూట నేను కడుపునిండా తిన్నాను. వచ్చే శనివారం నేనూ మా ఇంటావిడా వెళుతున్నాం, నువ్వు వస్తానంటే స్టేషన్‌లో కలుస్తాం.

కరీంనగర్ పెద్దమ్మ, కొలోన్:

బిడ్డా, తమ్ముడూ అమ్మాయీ చెప్పినవి అన్నీ మంచివే, కానీ ఒక విషయంలో వారికన్నా భిన్నంగా చెప్పదలిచాను. తిరిగి వెళ్లాలనిపించడం తప్పు కాదు. వెళ్లినంత మాత్రాన వాడకట్టులో తలవంపులు ఏమీ ఉండవు. పైన వాళ్లు చెప్పినవి మూడు వారాలు మనస్ఫూర్తిగా చేసి చూడు. అప్పటికీ నిద్ర లేకపోతే, తిండి సహించకపోతే, పొద్దున లేవడమే కష్టమైతే, అది ఇంటి రంది మాత్రమే కాదు, వైద్యుడికి చూపించుకోవాలి. మీ విశ్వవిద్యాలయంలో విద్యార్థులతో మాట్లాడే సలహాదారులు ఉంటారు, సిగ్గుపడకుండా ప్రొఫెసర్ గారినే దారి అడుగు. డాక్టర్ల గదులు మూసిన వేళల్లో ఒంట్లో బాగుండకపోతే 116117కు, ప్రాణం మీదికి వస్తే 112కు ఫోన్ చేయాలి. ఈ రెండు నంబర్లూ కాగితం మీద రాసి తలుపుకు అంటించు. మా చిన్న కొడుకు పరాయి ఊళ్లో చదివేటప్పుడు ఎనిమిది కిలోలు తగ్గిపోయేదాకా మాకు చెప్పలేదు. ఆనాడు వాడు చెప్పి ఉంటే నేను రైలెక్కి వెళ్లేదాన్ని. మీ అమ్మకు విమానం ఎక్కి వచ్చే వీలు లేదు, అందుకే ఆమె బదులు మేం ముగ్గురం నీ బాగోగులు అడుగుతున్నాం.

హనుమకొండ విద్యార్థిని, డార్ట్‌మండ్:

అక్కయ్యగారికి, అన్నయ్యగారికి, పెద్దమ్మగారికి నమస్కారం. మూడు రోజులు ఆలస్యంగా రాస్తున్నందుకు మన్నించండి.

నిన్న మధ్యాహ్నం 1 గంటకు అమ్మకు ఫోన్ చేశాను. సాయంత్రాలు గడవడం లేదని చెప్పాను. అమ్మ కొంతసేపు ఏమీ మాట్లాడలేదు. తరువాత, నాకు తెలుసు బిడ్డా, నువ్వే చెబుతావని ఊరుకున్నాను అన్నది. తను పెళ్లై హనుమకొండ వచ్చిన కొత్తలో రోజూ సాయంత్రం బావి గట్టు మీద కూర్చుని ఏడ్చేదట, ఆ సంగతి నాకు ఇరవై ఏళ్లలో ఎప్పుడూ చెప్పలేదు. మెన్సాకు వస్తానని ఈ రోజు ప్రయోగశాలలో అడిగాను, నా కోసం కుర్చీ లాగి పెట్టారు. రాత్రి మాత్రం ఏడ్చాను, నిన్నటికన్నా తక్కువ.

శనివారం హామ్‌కు తప్పక వస్తాను. పెద్దమ్మగారు చెప్పిన రెండు నంబర్లూ తలుపుకు అంటించాను. అన్నయ్యగారూ, బియ్యప్పిండి, నువ్వులు, పల్లీలు తెచ్చుకున్నాను కానీ మా వంటగదిలో ఉన్న గిన్నెలన్నీ పలుచనివే, మొదటిది మాడిపోయింది. వదినగారి దగ్గర మందపాటి గిన్నె అదనంగా ఉంటే స్టేషన్‌కు తేగలరా? ఆగస్టులో వెళ్లే ముందు కడిగి తిరిగి ఇస్తాను.