ప్రేమలో తిరస్కరణపై డాక్యుమెంటరీ: ‘షెర్మన్స్ మార్చ్’ సరిపోతుందా?

ప్రశ్న:
ప్రేమలో కాదనిపించుకున్నవారు తేరుకోవడం గురించిన డాక్యుమెంటరీ ఒకటి మా కాలేజీ ఫిల్మ్ క్లబ్బులో ప్రదర్శించాలనుకుంటున్నాం. రాస్ మెక్‌ఎల్వీ తీసిన ‘షెర్మన్స్ మార్చ్’ ఇందుకు తగినదేనా? చూసినవారు దయచేసి చెప్పగలరు.

సమాధానం 1:
తప్పక వేయండి. అమెరికా అంతర్యుద్ధంలో, 1864లో ఉత్తరాది సేనాని జనరల్ షెర్మన్ జార్జియా రాష్ట్రం మీద సాగించిన దండయాత్రపై చిత్రం తీయడానికి గ్రాంటు పొందిన మెక్‌ఎల్వీ, సరిగ్గా చిత్రీకరణకు ముందు ప్రియురాలు వదిలి వెళ్లడంతో, చరిత్రను పక్కనపెట్టి, అమెరికా దక్షిణాదిలో తనకు తారసపడిన స్త్రీల వెంట కెమెరా పట్టుకుని తిరుగుతాడు. రాత్రివేళ తండ్రికి నిద్రాభంగం కాకుండా కెమెరాతో గుసగుసగా మాట్లాడే ఘట్టం నవ్విస్తూనే గుండెను పిండుతుంది. 1987లో సన్‌డాన్స్ చలనచిత్రోత్సవంలో దీనికి గ్రాండ్ జ్యూరీ బహుమతి వచ్చింది.

సమాధానం 2:
పై మిత్రులతో పూర్తిగా ఏకీభవించలేను. అందులో ఉన్నది తేరుకోవడం కాదు, కెమెరా చాటున దాక్కోవడం. ఆయన స్నేహితురాలు చార్లీన్ కెమెరా ఆపమని కసురుకునేది అందుకే. తేరుకునే తీరు తెలియాలంటే, ప్రేమపై పరిశోధించిన మానవశాస్త్రవేత్త హెలెన్ ఫిషర్ బృందం 2010లో ప్రచురించిన పరిశోధనను కూడా చర్చలో పెట్టండి. తిరస్కరణకు గురైన 15 మందికి మెదడు స్కానర్‌లో మాజీ ప్రియుల ఫొటోలు చూపినప్పుడు, కొకైన్ తహతహతో ముడిపడిన మెదడు భాగాలు చురుకుగా కనిపించాయి. ఎడబాటు జరిగి ఎక్కువ రోజులైనవారిలో, అనుబంధానికి సంబంధించిన ఒక భాగంలో ఆ చురుకుదనం తక్కువగా ఉంది. ఫోన్‌లో పాత ఫొటోలు తిరగేస్తూ కూర్చునే కుర్రాళ్లకు సినిమా కన్నా ఇదే ఎక్కువ పనికొస్తుందేమో.

సమాధానం 3:
నిడివి రెండున్నర గంటలు దాటుతుంది. మధ్యలో విరామం ఇవ్వకపోతే చర్చకు ఎవరూ మిగలరు.