కారు లేకుండా బ్రైటన్ చుట్టుపక్కల నడకలు: శనివారం ఎక్కడికి వెళ్లొచ్చు?

అందరికీ నమస్కారం. సెప్టెంబర్‌లో ససెక్స్ యూనివర్సిటీలో మాస్టర్స్‌కి వచ్చాను, బ్రైటన్ పక్కనే ఫాల్మర్‌లో ఉంటున్నా. మాది కాకినాడ. ఇక్కడి బీచ్ చూసి నిజంగా నీరసం వచ్చింది, ఇసకే లేదు, అన్నీ గులకరాళ్లే. ఈ శనివారం నేనూ నా రూమ్మేటూ ఎక్కడికైనా నడవడానికి వెళ్దామనుకుంటున్నాం. ఫొటోల్లో కనిపించే ఆ తెల్ల కొండల దగ్గరికి బస్సులో వెళ్లొచ్చా? కారు లేదు, డబ్బులూ అంతంతమాత్రమే. ట్రెక్కింగ్ బూట్లు కొనాలా?

కాకినాడ అమ్మాయి, ఫాల్మర్

*

శుభ్రంగా వెళ్లొచ్చు తల్లీ. 25 నంబర్ బస్సెక్కి బ్రైటన్ మధ్యలో ఓల్డ్ స్టీన్‌లో దిగండి, అక్కడ 12 నంబర్ పట్టుకోండి. 2025 జనవరి నుంచి సింగిల్ టికెట్ ఎంత దూరమైనా 3 పౌండ్లు దాటకుండా పెట్టారు (అంతకుముందు 2 ఉండేది, ఆ రోజులే వేరు). మీరు బస్సు మారాలి, మళ్లీ తిరిగి రావాలి కాబట్టి డే టికెట్ గిట్టుబాటవుతుందేమో లెక్కేసుకోండి. బస్సు మేడ మీద ముందు సీటు, కుడివైపు కూర్చోండి. సాల్ట్‌డీన్ దాటేదాకా సముద్రం మీ పక్కనే వస్తుంది.

ఇన్నేళ్లలో నేను నేర్చుకున్నది ఒకటే: ముందు తిరుగు బస్సు చూసుకోవాలి, ఆ తర్వాతే ఎక్కడ నడవాలో తేల్చుకోవాలి. అందరూ తిరగేసి చేస్తారు. పొద్దున బస్సు తప్పితే ఇంకోటి వస్తుంది. సాయంత్రం కొండ మీద తప్పితే చలి, చీకటి, నువ్వు.

అందుకే నేను 12 ఆగే ఎక్సీట్ అనే స్టాప్‌లో దిగి తూర్పుకి నడుస్తాను. బస్సులు తరచుగా ఉండే వైపు నడక ముగుస్తుంది. గాలి కూడా ఎక్కువ రోజులు నైరుతి నుంచి వీస్తుంది కాబట్టి వీపు మీద తోస్తుంది, మొహాన కొట్టదు. దిగగానే కక్‌మియర్ నది జంతికలా మెలికలు తిరిగి కనిపిస్తుంది. తూర్పు ఒడ్డునే ఉండండి. నువ్వు చూసిన ఫొటోలు చాలావరకు అవతలి ఒడ్డున, కోస్ట్‌గార్డ్ కాటేజీల దగ్గర తీసినవి. అటు వెళ్తే ఇటు రావడానికి నది మొగ దగ్గర వంతెన లేదు, మళ్లీ ఎక్సీట్ దాకా వెనక్కి రావాల్సిందే. లోతు లేదు కదా అని కొందరు నీళ్లలో దిగిపోతుంటారు. మీరు దిగకండి.

ఆ తెల్ల కొండలు ఏడు, సెవెన్ సిస్టర్స్ అంటారు; మొదటి కొండ పేరు హేవెన్ బ్రో. ఏడింటిలో అదే ఎత్తు, అది ఎక్కేస్తే సగం భయం పోతుంది. గొర్రెలు మేసీ మేసీ గడ్డి తివాచీలా ఉంటుంది. ఆ తెలుపంతా సుద్దే, బడిలో మాస్టారు బోర్డు మీద రాసే సుద్దముక్క లాంటిదే. మధ్యలో నల్లటి చారలు చెకుముకి రాళ్లు. బీచ్‌లో నీకు నీరసం తెప్పించిన గులకరాళ్లు చాలావరకు వీటిలోంచి ఊడిపడినవే.

అంచుకి మాత్రం పోవద్దు. పైనుంచి చూస్తే గట్టి నేలలాగే ఉంటుంది, కింద సముద్రం తొలిచేసి ఉంటుంది. ఏడు కొండలూ అయ్యాక వచ్చే బర్లింగ్ గ్యాప్ అనే చోటు దాటాక బెల్ టూట్ అని పాత లైట్‌హౌస్ కనిపిస్తుంది. అంచు దగ్గర పడుతోందని 1999లో ఆ కట్టడాన్ని మొత్తంగా 17 మీటర్లు వెనక్కి జరిపారు. లైట్‌హౌసే వెనక్కి జరిగితే సెల్ఫీ కోసం మనం ముందుకి జరగడమేమిటి?

బర్లింగ్ గ్యాప్‌లో టాయిలెట్లు, కేఫ్ ఉన్నాయి. మీ పులిహోర డబ్బా అక్కడ విప్పండి. ఓపిక ఉంటే బీచీ హెడ్ (162 మీటర్లు) ఎక్కి ఈస్ట్‌బోర్న్ దాకా పోవచ్చు, ఎక్సీట్ నుంచి మొత్తం 13 కిలోమీటర్లు. లేదంటే బర్లింగ్ గ్యాప్ నుంచి లోపలికి ఒకటిన్నర కిలోమీటర్లు నడిస్తే ఈస్ట్ డీన్ ఊరు, మళ్లీ అదే 12. బర్లింగ్ గ్యాప్‌కే నేరుగా వచ్చే 13ఎక్స్ బస్సు అన్ని రోజులూ తిరగదు, దాన్ని నమ్ముకోవద్దు. ఇంకొక మాట, స్టాప్‌లో ఊరికే నిలబడితే బస్సు ఆగకుండా వెళ్లిపోతుంది, చెయ్యి చాపాలి.

హోవ్ అక్క

*

అక్క అంతా చెప్పేసింది. బూట్ల సంగతి: ఎండిన రోజు రన్నింగ్ షూస్ చాలు. వాన పడిందంటే తడి సుద్ద సబ్బే, అప్పుడు అరిగిపోయిన షూస్‌తో వద్దు. గొడుగు దండగ, గాలికి తిరగబడిపోతుంది.

తిరుగు బస్సు గురించి నా సొంత కథ. నేనొచ్చిన ఏడాది డిసెంబర్‌లో 77 నంబర్ బస్సులో డెవిల్స్ డైక్ అనే కొండ ప్రాంతానికి వెళ్లా. ఆ బస్సు కొండ మీద వరకూ వెళ్తుంది, అడుగు కూడా ఎక్కక్కర్లేదు. నా తెలివికి ఫోన్‌లో దాచుకున్నది వేసవి టైమ్‌టేబుల్. ఆఖరి బస్సు వెళ్లిపోయాక చాలాసేపు స్టాప్‌లో నిలబడ్డా. ఇక్కడ డిసెంబర్‌లో నాలుగింటికే పొద్దుగూకుతుంది. పూర్వం డైక్‌కి రైలు ఉండేది, 1938 ఆఖర్లో మూసేశారు. ఆ పట్టాల దారిలో కొంత భాగం ఇప్పుడు నడకదారి. ఫోన్ లైటు వేసుకుని దాని వెంట హ్యాంగిల్టన్ దాకా దిగొచ్చి అక్కడ బస్సెక్కా. పట్టపగలు ఆ దారి మహా బాగుంటుంది, అది వేరే విషయం.

మొదట్లో పొలాల్లోంచి నడవాలంటే భయమేసేది. మనూళ్లో అయితే రైతు కర్ర పుచ్చుకుని వస్తాడు. ఇక్కడ పసుపు బాణం గుర్తు ఉంటే అది నడిచేవాళ్లకి చట్టం ఇచ్చిన దారి, చేను ఎవరిదైనా సరే. గేటు మాత్రం ఎలా ఉన్నది అలాగే వదిలెయ్యాలి.

మౌల్స్‌కూంబ్ అన్న

*

నాదొక్క మాట. తెల్ల కొండలు రెండో వారం చూసుకోవచ్చు, ముందు ఛత్రీ అనే స్మారకానికి వెళ్లమంటాను. మీకు దగ్గర కూడా. ప్యాచమ్ వరకు 5ఎ బస్సెక్కి, పెద్ద రోడ్డు వంతెన దాటి, డౌన్స్ అనే గడ్డి కొండల మీదికి ముప్పావుగంట నడక. మొదటి ప్రపంచ యుద్ధంలో గాయపడిన మన సైనికులకి బ్రైటన్‌లోని రాయల్ పెవిలియన్‌లో ఆసుపత్రి పెట్టారు. చనిపోయిన హిందువుల్లో, సిక్కుల్లో 53 మందిని ఆ కొండ మీదే దహనం చేశారు. ఆ చోట తెల్ల పాలరాతి ఛత్రీ కట్టి 1921 ఫిబ్రవరి 1న ప్రారంభించారు. కారు దాని దాకా పోదు. అందరూ నడిచే వెళ్లాలి, కారున్న మేమూ.

మొదటిసారి వెళ్లినప్పుడు చుట్టూ గొర్రెలు, దూరంగా సముద్రం, ఇంకెవరూ లేరు. చెప్పులు ఎక్కడ విప్పాలో తెలియక గడ్డిలో విప్పి నిలబడ్డాను. కాళ్లు మంచుకి తడిసిపోయాయి.

ప్యాచమ్ నుంచి

*

అందరికీ చాలా థ్యాంక్స్. ఈ శనివారం ఛత్రీ, వచ్చే శనివారం ఎక్సీట్. నా రూమ్మేట్ ఈస్ట్ డీన్‌లోనే ఆగిపోదామంటోంది, నేను ఈస్ట్‌బోర్న్ దాకా అంటున్నా. తిరుగు బస్సు టైములు కాగితం మీద రాసి పెట్టుకున్నాం.

కాకినాడ అమ్మాయి

*

అక్టోబర్ ఆఖరి ఆదివారం గడియారాలు గంట వెనక్కి తిప్పుతారు. ఎక్సీట్ ప్రయాణం ఆ తర్వాతకి జరిగితే చీకటి గంట ముందే పడిపోతుంది, ఆ కాగితం మళ్లీ రాయాలి. రూమ్మేట్ మాట విను, మొదటిసారికి ఈస్ట్ డీన్ చాలు.

హోవ్ అక్క