ఎస్‌ఎంఏ ఉన్న మూడేళ్ల పాపకు ఇంటి దగ్గర నర్సు సేవ: ఎర్లాంగెన్‌కు కొత్తగా వచ్చిన వాళ్ల ప్రశ్న

ఎర్లాంగెన్ నుంచి:

అందరికీ నమస్కారం. మేము ఐదు నెలల క్రితం హైదరాబాదు నుంచి జర్మనీకి వచ్చాము. మా పాపకు మూడేళ్లు. పద్నాలుగో నెలలో ఎస్‌ఎంఏ టైప్ 2, అంటే కండరాలు బలహీనపడే జన్యువ్యాధి, అని తేలింది. కూర్చోగలదు, నిలబడలేదు. దాని మందు రిస్డిప్లామ్ రోజూ నోటి ద్వారా ఇస్తున్నాము. ఇక్కడికి వచ్చాక న్యుమోనియా చేసి పద్దెనిమిది రోజులు ఆసుపత్రిలో ఉంది. ఇంటికి పంపి మూడు వారాలైంది. అప్పటి నుంచి రాత్రంతా ఊపిరికి సాయం చేసే బైపాప్ యంత్రం మాస్కు పెడుతున్నాము, కఫం తీయడానికి దగ్గు యంత్రం కూడా ఇచ్చారు. వాంతి అయితే మాస్కును తానే తీసుకోగల శక్తి దాని చేతులకు లేదు కనుక, నేనూ మా వారూ వంతులు వేసుకుని మేలుకొంటున్నాము. హైదరాబాదులో అయితే మా అమ్మ, అత్తగారు ఉండేవారు. అవసరమైతే ఏజెన్సీకి ఫోన్ చేసి సొంత ఖర్చుతో హోమ్ నర్సును పెట్టుకునేవాళ్లం. ఇక్కడ ఆసుపత్రిలో ఒకావిడ "కిండర్‌క్రాంకెన్‌ఫ్లేగెడీన్‌స్ట్", అంటే పిల్లల ఇంటి నర్సు సేవ, అని కాగితం మీద రాసి చేతిలో పెట్టారు. మా వారిది పబ్లిక్ ఇన్సూరెన్స్, పాప ఆయన మీదే ఉంది. నా జర్మన్ ఇంకా ఏ2 దాటలేదు. ఈ సేవకు ఎవరిని అడగాలి, ఖర్చు ఎవరు పెట్టుకుంటారు?

ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి:

అమ్మా, పబ్లిక్ ఇన్సూరెన్స్‌లో ఉన్నారంటే సగం గండం గడిచినట్టే. దయచేసి ఏ ఏజెంటు మాటా విని ప్రైవేటుకు మారవద్దు. మీ వారి జీతం ప్రైవేటుకు మారగల పరిమితి దాటగానే ప్రీమియం తక్కువని చెప్పుకుంటూ ఎవరో ఒకరు వస్తారు. ప్రైవేటులో మనిషి మనిషికీ ఆరోగ్య ప్రశ్నలు అడుగుతారు, పిల్లలకు విడిగా ప్రీమియం కట్టాలి, జన్యువ్యాధి ఉన్న పిల్లలను తీసుకోకుండా తిప్పి పంపే హక్కు కూడా వారికి ఉంటుంది. పబ్లిక్‌లో పాపకు అదనంగా ఒక్క యూరో కట్టనక్కరలేదు, పాత జబ్బు అని పక్కన పెట్టడం ఉండదు.

నేను ఈ దేశానికి వచ్చి పదిహేడేళ్లు. మా అబ్బాయికి హంటర్ సిండ్రోమ్, అంటే ఒంట్లో ఒక ఎంజైము కొరవడే జన్యువ్యాధి. వారానికి ఒకసారి ఇడుర్సల్ఫేస్ ఎంజైమును రక్తనాళం ద్వారా ఎక్కించాలి. మీరు అడగని మాట ఒకటి చెబుతాను: ఇంటికి నర్సు వస్తుందన్న ఆశతో ఊరు ఎంచుకోకండి, పెద్ద పిల్లల ఆసుపత్రికి దగ్గరగా ఉండండి. మేము ఎంజైము ఎక్కించడానికి ఇప్పటికీ ఆసుపత్రికే వెళ్తాము. ఇక ఇంటి సంరక్షణ డబ్బు సంగతంటారా, కొత్తగా వచ్చిన వాళ్లకు రెండేళ్ల దాకా ఏదీ రాదు. అది చట్టం. అప్పటి వరకు మీ అమ్మగారిని 90 రోజుల వీసా మీద రప్పించుకోండి.

స్టుట్‌గార్ట్ నుంచి:

ఫ్రాంక్‌ఫర్ట్ అన్నయ్యగారు పెద్దవారు, వారి అనుభవాన్ని కాదనను. కానీ రాత్రి నర్సు లేకుండా రెండేళ్లు గడపమని ఏ తల్లికీ చెప్పవద్దని వేడుకుంటున్నాను. అది ఎలా ఉంటుందో నేను చూశాను.

మా బాబు 2016లో ఇక్కడే పుట్టాడు. పీహెచ్‌ఓఎక్స్2బీ జన్యువులో మార్పు వల్ల, నిద్రలోకి జారితే తగినంత ఊపిరి తీసుకోవాలని వాడి మెదడు శరీరానికి చెప్పదు. పగలు మామూలు పిల్లాడిలా ఆడుకుంటాడు, నిద్రపోతే మాత్రం గొంతులోని గొట్టం ద్వారా యంత్రమే ఊపిరి పోయాలి. రాత్రి నర్సుల బృందం కుదిరేదాకా మమ్మల్ని ఆసుపత్రి వాళ్లు ఇంటికే పంపలేదు. అలా నాలుగు నెలలు అక్కడే ఉన్నాము. తరువాత రెండేళ్లు వారానికి ఏడు రాత్రులూ నర్సు వచ్చింది. 2018 చివరలో బీమా సంస్థ నుంచి ఒక ఉత్తరం వచ్చింది. తల్లి ఉద్యోగం చేయడం లేదు, ఆసుపత్రిలో సక్షన్ (కఫం పీల్చి తీయడం), గొట్టం మార్పిడి నేర్చుకుంది, కనుక ఇకమీదట మూడు రాత్రులే మంజూరు చేస్తున్నామని దాని సారాంశం. ఉత్తరం చివర, ఒక నెలలోపు విడర్‌ష్ప్రుఖ్, అంటే అభ్యంతరం, తెలపవచ్చునని చిన్న అక్షరాలలో ఉంది. ఆఫీసు వాళ్లతో గొడవ ఎందుకని మా వారు, నా బిడ్డను నేను చూసుకోలేనా అన్న పట్టుదలతో నేను, ఆ నెల గడిచిపోనిచ్చాము.

మూడో వారంలో ఒక రాత్రి నేను కుర్చీలోనే నిద్రపోయాను. అలారం మోగుతోంది, నాకు వినబడలేదు. పక్క గదిలోంచి తొమ్మిదేళ్ల మా అమ్మాయి లేచి వచ్చి నన్ను కుదిపింది. యంత్రం గొట్టం ఊడిపోయి ఉంది, ఆక్సిజన్ అంకె డెబ్బైకి కింద ఉంది, బాబు పెదవులు నల్లబడ్డాయి. గొట్టం పెట్టాక నిమిషంలో రంగు వచ్చింది. ఆ నిమిషం గురించి ఇంతకంటే రాయలేను.

మర్నాడే మా పిల్లల డాక్టరు కొత్త చీటీ రాశారు. దాన్నీ తిరస్కరించారు. ఈసారి వారం లోపే అభ్యంతరం పంపాము, వీడీకే అనే సంఘంలో చేరితే వాళ్లే ఉత్తరం రాసి పెట్టారు. దానితో పాటు సోత్సియాల్‌గెరిష్ట్‌లో, అంటే బీమా వంటి సామాజిక హక్కుల తగాదాలు చూసే కోర్టులో, అత్యవసర అర్జీ వేశాము. అక్కడ బీమాదారుల నుంచి కోర్టు ఫీజు తీసుకోరు. కొన్ని వారాలలో ఏడు రాత్రులూ తిరిగి వచ్చాయి. మమ్మల్ని గెలిపించింది న్యాయవాది వాదన కాదు, డాక్టరు ఉత్తరంలోని ఒక పేరా: ఒక్కో రాత్రి ఎన్నిసార్లు అలారం మోగింది, ఎన్నిసార్లు సక్షన్ చేయవలసి వచ్చింది, ఒకే మనిషి వరుసగా ఎన్ని గంటలు మేలుకొని ఉన్నది. అందుకే మీకు చెబుతున్నాను, ఈ రాత్రి నుంచే ఒక నోటుపుస్తకం పెట్టి గంటా నిమిషంతో సహా రాయండి.

నూరెంబర్గ్ నుంచి:

నేను గుంటూరు జిల్లాలో నర్సింగ్ చదివి, ఇక్కడ అర్హతకు గుర్తింపు తెచ్చుకుని, ఐదేళ్లుగా పిల్లల ఇంటి నర్సు సేవలో పని చేస్తున్నాను. రెండేళ్ల నియమం గురించి పైన వచ్చిన మాటను వెంటనే సరిదిద్దాలి, ఎందుకంటే దాన్ని నమ్మి ఊరుకున్న కుటుంబాలను నేను స్వయంగా చూశాను.

ఇక్కడ డబ్బు రెండు సంచులలోంచి వస్తుంది. నర్సు చేసే వైద్య పని, అంటే రాత్రి యంత్రం చూడడం, సక్షన్, గొట్టం ద్వారా ఆహారం, మందు ఎక్కించడం, ఇదంతా ఆరోగ్య బీమా సంచి. దీనికి రెండేళ్ల నిరీక్షణ లేదు. పాప బీమాలో చేరిన రోజు నుంచీ హక్కు ఉంది, పద్దెనిమిదేళ్ల లోపు పిల్లలకు సహచెల్లింపు కూడా లేదు. రెండో సంచి ఫ్లేగె బీమా, అంటే సంరక్షణ బీమా. స్నానం, తిండి, ఎత్తుకోవడం వంటి రోజువారీ సంరక్షణకు గ్రేడు నిర్ణయించి ఇచ్చేది అక్కడి నుంచే. ఇంట్లో మీరే చూసుకుంటే, 2025 జనవరి నుంచి గ్రేడు 2కు నెలకు 347 యూరోలు, 3కు 599, 4కు 800, 5కు 990 వస్తాయి. గత పదేళ్లలో రెండేళ్ల సభ్యత్వం ఉండాలన్న షరతు ఈ రెండో సంచికే. పిల్లల విషయంలో తల్లిదండ్రులలో ఒక్కరికి ఆ రెండేళ్లు ఉంటే సరిపోతుంది.

మీరు ముందు కలవవలసింది బీమా సంస్థను కాదు, డాక్టరును. పిల్లల ఆసుపత్రికి అనుబంధంగా ఉండే ఎస్‌పీజెడ్ అనే పిల్లల ప్రత్యేక వైద్య కేంద్రంలో న్యూరాలజీ డాక్టర్లను కలిసి ఫెరోర్డ్‌నుంగ్, అంటే నర్సు సేవకు చీటీ, రాయమని అడగండి. మామూలు ఇంటి నర్సు సేవకు 12వ నంబరు ఫారం. ఊపిరి యంత్రం ఉన్న పిల్లలకు నర్సు ఎడతెగకుండా పక్కన ఉండాలని డాక్టరు భావిస్తే 62వ నంబరు. 2023 అక్టోబరు 31 నుంచి ఈ ఇంటెన్సివ్ సేవకు వేరే చట్ట విభాగం అమలులో ఉంది, అందులో చీటీ రాసే అర్హత డాక్టర్లందరికీ ఉండదు కనుక అది ముందే అడగండి. మామూలు సేవలో తొలి చీటీ సాధారణంగా పద్నాలుగు రోజులకే రాస్తారు, గడువు ముగియకముందే తరువాతిది తీసుకోవాలి. స్టుట్‌గార్ట్ అక్కయ్యగారు చెప్పిన చిక్కు కూడా నిజమే. ఇంట్లో ఉన్నవారు తగినంతగా చూసుకోలేనప్పుడే మామూలు సేవ ఇవ్వాలని చట్టంలో ఉంది, తిరస్కరించేవాళ్లు ఆ వాక్యాన్నే పట్టుకుంటారు. పని నేర్చుకోవడం వేరు, ఏడు రాత్రులు మేలుకోగలగడం వేరు. డాక్టరు ఉత్తరంలో ఈ తేడా స్పష్టంగా ఉండాలి.

మరొక మాట. పాప ఇంటికి వచ్చి మూడు వారాలే అయింది కనుక సామాజిక వైద్య నాహ్‌సోర్గె కూడా అడగండి. ఆసుపత్రి నుంచి వచ్చిన పిల్లల కుటుంబానికి తోడుగా ఒక నర్సు పన్నెండు వారాల లోపల ఇరవై గంటల వరకు వస్తారు. ఔగ్స్‌బుర్గ్‌లోని బుంటర్ క్రైస్ ఈ పద్ధతికి దారి చూపింది. మీ బదులు ఫోన్లు చేసేదీ, నర్సు సంస్థను వెతికేదీ వాళ్లే. ఏ2 జర్మన్‌తో మీకు అదే పెద్ద ఊరట.

ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి:

చెల్లెమ్మా, రెండు సంచుల విషయం నేను కలిపేశాను, ఒప్పుకుంటున్నాను. కానీ ఆసుపత్రి మాట వెనక్కి తీసుకోను. మా వాడికి ఎంజైము మొదలుపెట్టిన కొత్తలో ఒకసారి ఒంటి నిండా దద్దుర్లు లేచి ఊపిరి ఆడలేదు. పక్కనే డాక్టర్లు ఉండబట్టి బయటపడ్డాము. ఇంట్లో ఒక్క నర్సుతో అది జరిగి ఉంటే ఏమయ్యేది?

నూరెంబర్గ్ నుంచి:

అన్నయ్యగారూ, అలాంటి స్పందన వచ్చిన పిల్లవాడికి మీ నిర్ణయమే సరైనది. ఎంజైమును ఇంట్లో ఎక్కించడం గురించి ఆలోచించేదే కొన్ని నెలలు ఆసుపత్రిలో ఏ ఇబ్బందీ లేకుండా తట్టుకున్న పిల్లల విషయంలో. కానీ ఈ పాప అవసరం వారానికి ఒక్క ఉదయం కాదు, ప్రతి రాత్రీ. రాత్రి కాపలా ఆసుపత్రిలో పెట్టాలంటే పాప అక్కడే పెరగాలి.

స్టుట్‌గార్ట్ నుంచి:

అన్నయ్యగారి భయంలో నాకు ఇంకొకటి కనిపిస్తోంది. పరాయి మనిషి రాత్రంతా ఇంట్లో ఉంటే ఇల్లు వార్డు అయిపోతుందేమో అన్న బెంగ. అది నాకూ ఉండేది. వంటింట్లో నా డబ్బాల పక్కన వాళ్ల చేతి తొడుగుల పెట్టెలు ఉంటే కన్నీళ్లు వచ్చేవి. కానీ ఎనిమిది గంటలు నిద్రపోయి లేచిన తల్లిగా నా పిల్లలకు నేను మళ్లీ దొరికాను.

ఎర్లాంగెన్ నుంచి:

మీ అందరికీ ఎలా కృతజ్ఞతలు చెప్పాలో తెలియడం లేదు. రాత్రి నుంచి నోటుపుస్తకం మొదలుపెట్టాను. మొదటి రాత్రే పదకొండు సార్లు రాశాను. ఒక సందేహం. మా వారు 2017 అక్టోబరు నుంచి 2020 మార్చి వరకు మాగ్డెబుర్గ్‌లో ఎంఎస్ చదివారు, తరువాత హైదరాబాదు తిరిగి వెళ్లి ఇప్పుడు మళ్లీ వచ్చారు. అప్పుడు విద్యార్థిగా పబ్లిక్ ఇన్సూరెన్స్ కట్టారు. అది ఏమైనా పనికివస్తుందా?

నూరెంబర్గ్ నుంచి:

ఈ మాట మొదటి రోజే చెప్పి ఉంటే ఎంత బాగుండేది, అమ్మా! విద్యార్థి ఆరోగ్య బీమాతో పాటే ఫ్లేగె బీమా సభ్యత్వమూ ఉంటుంది. పదేళ్ల లోపల రెండున్నరేళ్లు ఉన్నాయి కనుక షరతు ఇప్పటికే తీరింది, పాపకు రెండో సంచి కూడా తెరుచుకుంది. మీ వారిని పాత బీమా సంస్థ నుంచి ఆ సంవత్సరాల సభ్యత్వ ధ్రువపత్రం తెప్పించుకోమనండి. అయితే అది వచ్చేదాకా ఆగవద్దు. దరఖాస్తు చేసిన నెల మొదటి తేదీ నుంచే డబ్బు లెక్కిస్తారు, వెనుకటి నెలలకు ఇవ్వరు. ఫారం కూడా ముందుగా అక్కరలేదు, ఫోనులో అడిగినా దరఖాస్తు కిందే లెక్క. తరువాత మెడిట్సినిషర్ డీన్‌స్ట్, అంటే బీమా కోసం అవసరాన్ని అంచనా వేసే వైద్య విభాగం, నుంచి పరిశీలకులు ఇంటికి వస్తారు. అదే వయసు ఆరోగ్యవంతమైన బిడ్డకు చేయనక్కరలేనిది మీ పాపకు ఏమేమి చేస్తున్నారో వారు చూస్తారు. ఇంటికి అతిథి వచ్చారని పాపకు కొత్త గౌను తొడిగి, ఉన్న కష్టాన్ని దాచి చూపించకండి. రాత్రి పెట్టే యంత్రాలన్నీ బయటే ఉంచండి, పుస్తకం చేతికివ్వండి.

నర్సు సేవ విషయంలో ఒక్కటి ముందే తెలిసి ఉండాలి. అనుమతి ఉత్తరం వచ్చినంత మాత్రాన నర్సు వెంటనే వచ్చేయదు. పిల్లల నర్సుల కొరత చాలా ఉంది. ఒక్క సంస్థతో ఆగకుండా చుట్టుపక్కల ఊళ్లలోని సంస్థలన్నిటికీ రాయండి, మొదట రెండు రాత్రులే ఇస్తామన్నా ఒప్పుకోండి. బీమా సంస్థ మనిషిని చూపించలేకపోతే, మీరే కుదుర్చుకున్న నర్సుకు తగిన ఖర్చు తిరిగి ఇవ్వాలని చట్టంలో ఉంది. ముందుగా వారికి రాతపూర్వకంగా తెలిపి, జవాబు తీసుకున్నాకే కుదుర్చుకోండి.

ఎర్లాంగెన్ నుంచి:

మా వారు మధ్యాహ్నం ఫోన్ చేశారు. నేటి తేదీతో దరఖాస్తు నమోదైంది, ఫారం పోస్టులో వస్తుందట. ఎస్‌పీజెడ్‌లో గురువారం పొద్దున్నకు సమయం దొరికింది. నోటుపుస్తకం తీసుకుని వెళ్తున్నాను.