కష్టాలు తీరాకే మనశ్శాంతి అనుకుంటే అది దొరికేదెప్పుడు?

ప్రశ్న:
నాన్నకి పక్షవాతం వచ్చి రెండేళ్లయింది. ఆయన్ని చూసుకోవడం, ఉద్యోగం, అప్పు. మొదట్లో ఇదొక్కటీ గట్టెక్కితే చాలు, తర్వాత హాయిగా ఉంటా అనుకునేదాన్ని, కానీ ఒకటి గట్టెక్కేలోపే ఇంకోటి రెడీగా ఉంటోంది, ఇప్పుడు ఆ "తర్వాత" అనేది ఉందనే నమ్మకం కూడా పోయింది. ధ్యానం చేసి చూశాను. కళ్లు మూసుకోగానే రేపటి పనులన్నీ వరసకట్టి వచ్చేస్తాయి. నాన్నని వదిలే ప్రసక్తే లేదు. ఇవన్నీ ఉండగానే లోపల కాస్త నెమ్మది దొరుకుతుందా? "పాజిటివ్‌గా ఆలోచించు" అని మాత్రం దయచేసి చెప్పకండి.

జవాబు 1:
బుద్ధుడు చెప్పిన రెండు బాణాల పోలిక ఒకటుంది. ఒంటికి తగిలే నొప్పి మొదటి బాణం, అది ఎవరికీ తప్పదు. ఆ నొప్పి తలుచుకుని కుమిలిపోవడం రెండోది. మీకు నాన్నగారి జబ్బు మొదటిదైతే, "నాకే ఎందుకు, ఇంకెన్నాళ్లు" అని అర్ధరాత్రి లెక్కలేసుకోవడం రెండోది. నాకైతే రెండోది ఆగలేదు, కానీ గుచ్చుకునేటప్పుడు "ఇదిగో, వచ్చింది" అని గుర్తుపట్టడం అలవాటైంది, ఆ మాత్రానికే కొంచెం సడలుతుంది.

జవాబు 2:
పై మాట నిజమే గానీ నిద్ర లేని మనిషికి బాణాల సంగతి ఎక్కదండీ. మా అమ్మ మంచాన ఉన్నప్పుడు నాది మనశ్శాంతి సమస్య అనుకున్నా, చూస్తే సగం నిద్ర సమస్య. నిద్ర తక్కువైతే చిన్న మాటకే చిరాకు, ఏడుపు ముంచుకొస్తాయి. వారానికి రెండు రాత్రులు అన్నయ్యని రమ్మన్నాను. ఆ మాట అడగడానికే నాకు ఏడాది పట్టింది, పంతం అనుకోండి. మీకు తోబుట్టువులున్నారా? ధ్యానం కుదరకపోతే ఊపిరి 4 అంకెలు పీల్చి 6 అంకెలు వదలండి, వదిలేటప్పుడు గుండె వేగం సహజంగానే కాస్త తగ్గుతుంది. పనిచేసుకుంటూ కూడా చేయొచ్చు.

జవాబు 3:
ఆలోచనలు వచ్చినంత మాత్రాన ధ్యానం ఫెయిలైనట్టు కాదు. గీత ఆరో అధ్యాయంలో అర్జునుడంతటివాడే మనసుని నిలపడం గాలిని పట్టినంత కష్టం అంటాడు, కృష్ణుడు కూడా కష్టమేనని ఒప్పుకున్నాకే అభ్యాసం, వైరాగ్యం అంటాడు. సాయంత్రం 20 నిమిషాలు దిగులుకే కేటాయించి, మనసులో ఉన్నవన్నీ కాగితం మీద పెట్టండి. మిగతా టైంలో వస్తే "సాయంత్రం చూద్దాం" అని వాయిదా వేయడమే. పడుకునే ముందు మాత్రం వద్దు. రెండు వారాలుగా దేనిమీదా ఆసక్తి లేకపోయినా, బతకాలని లేదనిపించినా డాక్టర్ దగ్గరికి వెళ్లండి, ఆలస్యం చేయకండి.

ప్రశ్న అడిగినవారు:
లేదండీ, అంతవరకు రాలేదు. తమ్ముడున్నాడు. వాడు చేసే తీరు నాన్నకి నచ్చదని ఇన్నాళ్లూ నేనే అడగలేదు. ఇక్కడ రాస్తుంటే, నచ్చనిది నాన్నకి కాదేమో, నాకేనేమో అనిపిస్తోంది. శనివారం రాత్రికి రమ్మని మెసేజ్ పెట్టాను, ఇంకా చూడలేదు వాడు.