సెకండ్ హ్యాండ్ వెంటో 1.6 డీజిల్: రీకాల్ అప్‌డేట్ చేయించాలా, వద్దా?

బోడుప్పల్_డీజిల్:
2013 ఫోక్స్‌వ్యాగన్ వెంటో 1.6 టీడీఐ (డీజిల్) బేరంలో ఉంది. టెస్టులో మాత్రమే కాలుష్యం తగ్గించి చూపే సాఫ్ట్‌వేర్ మోసం బయటపడ్డాక కంపెనీ కార్లను వెనక్కి పిలిచింది కదా, ఆ రీకాల్‌లో సాఫ్ట్‌వేర్ మార్పించలేదట. "అది చేయిస్తే పికప్ పోద్ది, మైలేజీ పడిపోద్ది, అందుకే ముట్టుకోనివ్వలేదు" అంటున్నాడు ఓనరు. పొల్యూషన్ సర్టిఫికెట్ మాత్రం ప్రతిసారీ పాసే. మరి మోసం ఎక్కడున్నట్టు? కొన్నాక చేయించాలా?

మసి_డబ్బా:
పొల్యూషన్ చెక్‌ని లెక్కలోకి తీసుకోకండి. అక్కడ న్యూట్రల్‌లో యాక్సిలరేటర్ తొక్కించి పొగ సాంద్రత కొలుస్తారు, అంతే. ఫోక్స్‌వ్యాగన్ దాచింది కంటికి కనబడని నైట్రోజన్ ఆక్సైడ్లు. 2015 సెప్టెంబరులో అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ ఇచ్చిన నోటీసులోనే ఉంది: స్టీరింగ్ కదలిక, వేగం, ఇంజన్ నడిచిన సమయం, గాలి పీడనం చూసి, ఇది టెస్టు అని ఈసీయూ (ఇంజన్ కంప్యూటర్) పసిగట్టేది. మన వాహన పరీక్షా సంస్థ ఏఆర్‌ఏఐ ఇక్కడి కార్లను రోడ్డు మీద కొలిస్తే అప్పటి కాలుష్య ప్రమాణం బీఎస్-4 పరిమితికి 1.1 నుంచి 2.6 రెట్లు తేలింది.

ఓనరు భయం పూర్తిగా ఉత్తిది కాదు. ఈజీఆర్ (పొగలో కొంత తిరిగి ఇంజన్‌లోకే పంపే వాల్వు) ఎక్కువగా పనిచేస్తే దహన వేడి తగ్గి నాక్స్ (ఆ నైట్రోజన్ ఆక్సైడ్లే) తగ్గుతుంది గానీ మసి పెరుగుతుంది. దానికి ఇంజన్ అడుగు నుంచి వచ్చే ఆయిల్ ఆవిరి తోడై వాల్వులో, గాలి లోపలికి వెళ్లే ఇన్‌టేక్‌లో జిగురులా పేరుకుంటుంది. అప్‌డేట్ తర్వాత ఈజీఆర్ పాడైందన్న ఫిర్యాదులు యూరప్‌లో బాగానే వచ్చాయి. పదేళ్లు దాటిన కారులో వాల్వు ముందే సగం మూసుకుపోయి ఉంటే, నింద అప్‌డేట్ మీద పడుతుంది.

కాబట్టి ముందు స్కాన్ చేయించండి. పీ0401 కోడ్ (ఈజీఆర్‌లో ప్రవాహం చాలడం లేదని) ఉంటే ఈజీఆర్ క్లీన్ చేయించాకే అప్‌డేట్. ఈజీఆర్ దారికి బ్లాంకింగ్ ప్లేటు (అడ్డురేకు) వేసి మూసేసే లోకల్ వైద్యం మాత్రం వద్దు, అదే కోడ్ మళ్లీ వెలుగుతుంది.

టార్క్_బాబాయ్:
ఒక్కటి కలుపుతా. యూరప్‌లో 2.0 ఇంజన్‌కి సాఫ్ట్‌వేర్ ఒక్కటే, అరగంట పని. 1.6కి మాత్రం గాలిని కొలిచే మాస్ సెన్సర్ ముందు ప్లాస్టిక్ జాలీ కూడా బిగించారు. గాలి సుడులు తిరక్కుండా వస్తేనే సెన్సర్ లెక్క సరిగ్గా ఉంటుంది. మీ కారుకి అది వర్తిస్తుందో లేదో డీలర్‌ని అడగండి.

ఎన్నారై_పస్సాట్:
ఈ ఓనరులా కొందరు అప్‌డేట్‌కి రాకపోవడంలో వింతేముంది? అమెరికాలో 2.0 టీడీఐ వాళ్లకి గొడవ బయటపడక ముందున్న ధరకి కారు వెనక్కి తీసుకుని, పైన 5,100 నుంచి 10,000 డాలర్లు ఇచ్చారు. సొంత ఇంజన్ మీద కదిలితే చాలన్నది షరతు. దాంతో కొందరు డోర్లు, బంపర్లు పీకేసి మరీ అప్పజెప్పబోయారు, జడ్జి కల్పించుకోవాల్సి వచ్చింది. జర్మనీలో 2020లో 1,350 నుంచి 6,257 యూరోలకి రాజీ. ఇండియాలో 3,23,700 కార్లకి రీకాల్, ఉచిత అప్‌డేట్, చేతికి ఒక్క రూపాయి లేదు. 2019లో ఎన్జీటీ (జాతీయ హరిత ట్రిబ్యునల్) వేసిన 500 కోట్ల జరిమానా పర్యావరణ నష్టానికి, ఓనర్లకి కాదు. దాని వసూలుకీ సుప్రీంకోర్టు స్టే ఇచ్చింది.

మసి_డబ్బా:
బేరం ముగియకముందే చాసిస్ నంబరుతో డీలర్ దగ్గర పెండింగ్ రీకాల్ చూపించమనండి, ఇప్పటికీ ఉచితమో కాదో రాతలో తీసుకోండి. ఈజీఆర్ క్లీనింగ్ ఖర్చు ఓనరు చెప్పిన ధరలోంచి కోసేయండి.